కారెక్కని రోజులు

నా భార్య వీపుకి ఎడమ పక్కగా ఒక సన్నటి గొట్టం ఉండేది. అది నడుముకి కట్టిన సంచిలోకి దిగేది. ఎడమ కిడ్నీలో నిలిచిపోయిన మూత్రాన్ని బయటికి తీయడానికి డాక్టర్లు పెట్టిన గొట్టం అది. కొన్ని వారాలు అలా వదిలేసి చూస్తామన్నారు. ఆ ఒత్తిడి పోయాక కిడ్నీ కోలుకుంటే దాన్ని నిలబెడతారు. కోలుకోకపోతే తీసేస్తారు.

సంచి ఖాళీ చేసే పని నేనే అడిగి తీసుకున్నాను. ఆమె వద్దనలేదు, సరేననీ అనలేదు.

పొద్దున్నే సంచి మూత తిప్పి, కొలతలున్న ప్లాస్టిక్ మగ్గులోకి వంచేవాణ్ణి. కుడి కిడ్నీ నుంచి వచ్చేది మామూలు దారిన పోతుంది కాబట్టి ఈ సంచిలోకి చేరేదంతా ఎడమదాని సొంత కష్టం. పనిచేసే కిడ్నీ అయితే పసుపు రంగులో వస్తుందనీ, ఓపిక లేనిదైతే ఉత్త నీళ్ళలా పలచగా వదిలేస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. అందుకని బాత్రూం కిటికీ దగ్గర మగ్గు పైకెత్తి వెలుతురుకి పట్టి చూసేవాణ్ణి. నీళ్ళలాగే ఉండేది. మబ్బుగా ఉందేమో, అందుకే రంగు తెలియడం లేదేమో అనుకుని వరండాలోకి తీసుకెళ్ళి మళ్ళీ చూసేవాణ్ణి.

"ఏటి రంగు?" అని మంచం మీంచి అడిగేది.

"బాగానే ఉంది."

"బాగానే అంటే ఏ రంగు బావా?"

"పసుపే."

"నీకు అబద్ధం సెప్పడం రాదు. అన్నం మాడిపోతే బాగుందన్నప్పుడు కూడా ఇలాగే అంటావు."

ఆమె నా మేనమామ కూతురు. అందుకే బావా అంటుంది. మా షిఫ్టులో నన్ను బావా అని పిలవని మగవాడు లేడు, ఇక్కడ అందరూ అందరికీ బావలే. కానీ ఆ పిలుపు మీద అసలు హక్కు ఆమెది. చిన్నప్పుడు సబ్బవరం దగ్గర వాళ్ళ జీడితోటలో నా వెనక తిరుగుతూ పిలిచిన పిలుపు అది. పెళ్ళయ్యాక కూడా మార్చలేదు. ఇప్పుడు కూడా మార్చలేదు గానీ, ఆ మాటలో ఇదివరకటి చనువు ఎక్కడికో పోయింది.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలంటే కారు సంగతి చెప్పాలి.

నేను స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేస్తాను. కొలిమి గోడ కరిగిపోకుండా దాని చుట్టూ గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూ ఉంటాయి. ఆ నీళ్ళు సరిగ్గా వెళ్తున్నాయా, సరిగ్గా తిరిగొస్తున్నాయా, ఎక్కడైనా ధార సన్నబడిందా అని చూసుకోవడం మా విభాగం పని. టౌన్‌షిప్‌లో క్వార్టరు, రెండో అంతస్తు. నేను, నా భార్య, మా అమ్మ. మాకు ఒక్కతే కూతురు, కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

కారు కొన్నప్పుడు షోరూం నుంచి నేరుగా సింహాచలం తీసుకెళ్ళాం. కొండ దిగువ పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందు అద్దం దగ్గర అప్పన్న పటం పెట్టాం. మా అమ్మ బంతిపూల దండ తన చేత్తో కట్టింది. తిరుగు దారిలో వెనక సీట్లోంచి ముందుకు వంగి మా ఇద్దరికీ వినపడేలా చెప్పింది.

"ఇది అప్పన్న బండి. ముట్టు మనుసులు ఎక్కకూడదు. ముందే సెప్తన్నాను, తరవాత నన్ననకండి."

"మరి బండి అత్తదా, అప్పన్నదా?" అంది నా భార్య. "లోను మాత్రం బావదీ."

ముగ్గురం నవ్వుకున్నాం. నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. మా అమ్మ చెడ్డ మనిషి కాదు. కోడలు తన సొంత తమ్ముడి కూతురు, చేతుల మీద పెంచిన పిల్ల. నెలలో ఆ మూడు రోజులూ ఆమె బాల్కనీ పక్క గదిలో చాప వేసుకుంటే, మా అమ్మే వండి, గుమ్మం దగ్గర కంచం పెట్టి, "తినీయే తల్లీ, బేగి, సల్లారిపోద్ది" అనేది. కుట్టుమిషను కూడా ముట్టుకోనిచ్చేది కాదు. దసరాకి దానికి బొట్టు పెట్టాం కదా, అందుకని. బ్లౌజులు అడగడానికి వచ్చిన టౌన్‌షిప్ ఆడవాళ్ళు ఆ మూడు రోజులూ తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. విశ్రాంతి కదా అని నేను అనుకునేవాణ్ణి. బయటివాళ్ళతో కూడా అలాగే చెప్పేవాణ్ణి.

ఒక సెలవు రోజు నేను హాల్లో పేపరు చదువుతున్నాను. మా అమ్మ వంటగదిలో ఉంది. బాల్కనీ గదిలో చాప మీంచి నా భార్య పిలిచింది.

"బావా, ఒకటి సెప్తాను, నవ్వకూడదు. పాసుకెళ్తే ఎర్రగా వస్తంది. మంట కూడా మండిపోతంది."

నేను పేపరు దించలేదు. "ఈ రోజుల్లో ఎర్రగా రాకపోతే వింతగానీ, వస్తే వింతేటే?" అన్నాను.

వంటగదిలో మా అమ్మ నవ్వింది. "ఆడు సెప్పింది నిజమేనే!" అంది. నా భార్య కూడా నవ్వింది. నవ్వి, "అది కాదు బావా, ఇది వేరేగా ఉంది, నాకు తెలుస్తంది" అంది.

"నువ్వేటి డాక్టరివా?"

ఆ మాట చాలా బాగా అన్నానని మర్నాడు షిఫ్టులో కూడా చెప్పుకుని నవ్వాను. ఇది రాయకుండా వదిలేస్తే బాగుండునని నాకే అనిపిస్తోంది.

ఎరుపు తర్వాత నెలలో కూడా వచ్చింది, ఆ తర్వాత కూడా. పొత్తికడుపు పట్టుకుని చాప మీద ముడుచుకుపోయేది. నిమిషానికోసారి బాత్రూంకి వెళ్ళేది. ప్లాంట్‌లో నాతో పనిచేసే మిత్రుడు, నాకంటే పెద్దవాడు, తేల్చి చెప్పేశాడు.

"రాళ్ళు బావా, రాళ్ళు. మన నీళ్ళకి అంతే. ఫర్నేస్ కాడ పనిసేసి రాయి రానోడు పనిదొంగ."

"రాళ్ళు వచ్చింది నాకు కాదు బావా, మా ఇంటిదానికి."

"నీ వాటా కూడా ఆవిడికే వచ్చీసింది మరి. బార్లీ నీళ్ళు పట్టించు."

బార్లీ నీళ్ళు పట్టించాను. కొబ్బరి బోండాలు తెచ్చాను. రణపాల ఆకు పొద్దున్నే పరగడుపున నమిలించాను. చివరికి నగరంలో ఒక మూత్రనాళాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళింది ఆమె తలస్నానం చేసిన మర్నాడు. కారులోనే. ఆ రోజుకి ఎరుపు లేదు, నొప్పి లేదు. మూత్ర పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ డాక్టరు నెమ్మదస్తుడు. కాగితం చూసి, "ఇందులో ఏమీ కనపడటం లేదండీ. ఎరుపు వచ్చిన రోజే, నొప్పి ఉన్నప్పుడే తీసుకురండి. అప్పుడు పరీక్షా స్కానింగూ చేసి చూద్దాం" అన్నాడు. గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచి అదే మాట చెప్పాడు.

తర్వాతి నెల ఎరుపు వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను. కారు కింద చెట్టు నీడలో ఉంది. "డాక్టరు ఇయ్యాలే రమ్మన్నాడు కదా బావా" అంది ఆమె చాప మీంచి. మా అమ్మ నావైపు చూసింది. ఆటో మాట్లాడొచ్చు, టౌన్‌షిప్ గేటు బయట ఎప్పుడూ నాలుగైదు నిలబడే ఉంటాయి. కానీ ఆ స్థితిలో ఆమెను ఆటోలో కుదుపుకుంటూ అంత దూరం తీసుకెళ్ళి, కారుండగా ఆటో ఎందుకెక్కావని కింద వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? ఇదంతా లోపల ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను. "తానం అయిపోనీ, ఆదివారం తీసుకెళ్తాను" అన్నాను.

ఆదివారం తీసుకెళ్ళాను. ఏమీ లేదని వచ్చింది.

ఆ ఏడాది ఆషాఢ పున్నమికి గిరి ప్రదక్షిణ మొక్కుకున్నాం. సింహాచలం కొండ చుట్టూ కాలినడకన తిరగాలి. నా భార్య తేదీలు ఆ రోజులకే పడేలా ఉన్నాయి. ఆ తర్వాత శ్రావణ శుక్రవారం పూజ ఉంది. అది కూడా తప్పకూడదని మా అమ్మ. అందుకని మందుల షాపులో నెలసరి వాయిదా వేసే బిళ్ళలు కొని తెచ్చాను. ఎవరినీ అడగలేదు. మా చుట్టుపక్కల పెళ్ళికీ పండక్కీ ఆడవాళ్ళంతా మింగేవే. ఆమె నెల పైచిలుకు మింగింది.

ఆ నెలంతా ఆమెకు నొప్పి లేదు. ఎరుపు లేదు. కొండ చుట్టూ నడిచింది. నేను హనుమంతవాక దాటేసరికి కాళ్ళీడుస్తుంటే ఆమె ముందు నడుస్తూ వెనక్కి తిరిగి, "ఏటి బావా, కొలిమి కాడ నిలబడ్డవాడివి, రోడ్డు మీద నడవలేవా?" అని వెక్కిరించింది. ఆమెను అంత హుషారుగా చూసి ఎన్నాళ్ళయిందోనని నాకు కళ్ళు చెమర్చాయి. దారిలో సముద్రస్నానం చేసి, తడిబట్టలతో నడుస్తూ మా అమ్మ కొండవైపు చేతులెత్తి దండం పెట్టింది.

"సూశావా? ఆడే తీసీశాడు నొప్పి."

నేనూ నమ్మాను. బిళ్ళలు ఆపాక, శ్రావణం చివర్లో మళ్ళీ అంతా వచ్చింది, ఇంకా ఎక్కువగా వచ్చింది. ఏదో లోపం చేశామనుకున్నాం. వచ్చే ఏడు మళ్ళీ తిరగాలని మొక్కుకున్నాం. మళ్ళీ బిళ్ళలు. మళ్ళీ ఆ నెల హాయి. ఇలా గడిచిపోయాయి సంవత్సరాలు. ప్రదక్షిణకి ముందు బిళ్ళలు కొన్నది నేనే. కానీ హాయి ప్రదక్షిణ వల్ల కలిగిందా, బిళ్ళల వల్లా అన్న ప్రశ్న నాకు రాలేదు. కొలిమి దగ్గరైతే ఏ వాల్వు తిప్పాక ధార పెరిగిందో వెంటనే కనుక్కునేవాణ్ణి.

అసలు విషయం బయటపడింది వేరే దారిలో. ఆమెకు తిన్నది అరగడం లేదంటే, గ్యాసేమోనని కడుపు స్కానింగు రాశారు. అదీ తలస్నానం తర్వాతే అనుకోండి. కానీ అప్పటికి లోపలిది ఏ రోజు చూసినా దాగేది కాదు. స్కానింగు చేసే డాక్టరు కుడి పక్క చూసి, ఎడమ పక్కకి వచ్చి అక్కడే ఆగిపోయాడు. తెర మీద నల్లగా పెద్ద సంచి లాంటిది కనిపించింది.

"ఎడమ కిడ్నీ సంగతి మీకు ముందే తెలుసాండీ?" అని అడిగాడు.

తెలియదన్నాను.

"నీళ్ళు నిలిచి బాగా ఉబ్బిపోయింది. ఇదిప్పటిది కాదు. ఎప్పుడూ వీపులో నొప్పి రాలేదా?"

"లేదండి," అంది నా భార్య. "నొప్పంతా కింద, ఆ రోజుల్లో. వీపులో ఎప్పుడూ ఏటీ లేదు."

అక్కడి నుంచి మమ్మల్ని ఒక పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఆడవాళ్ళ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"మూత్రంలో రక్తం ఎప్పుడమ్మా వస్తుంది?"

"అప్పుడప్పుడూనండి," అన్నాను నేను.

నా భార్య నావైపు చూడలేదు. "నెలనెలానండి. బయటున్న మూడు రోజులూ. తానం అయ్యాక ఉండదు."

"మరి పరీక్షలన్నీ ఎప్పుడు చేయించారు?"

"తానం అయ్యాకనండి."

డాక్టరమ్మ నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎమ్మారై చేయించి, మళ్ళీ పిలిచి, తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిదే ఒక్కొక్కరికి బయట కూడా పెరుగుతుంది. నెలసరిలో అదీ వాచి రక్తం కారుస్తుంది. క్రమంగా గట్టిపడి చుట్టూ ఉన్నవాటిని లాగి అతికించేసుకుంటుంది. ఎండోమెట్రియోసిస్ అంటారు. ఈమెకు అది మూత్రాశయం గోడలోకి దిగింది. అందుకే ఎరుపు. ఎడమ కిడ్నీ నుంచి దిగే నాళాన్ని చుట్టూ పట్టి బిగించేసింది. అందుకే ఉబ్బు. నెమ్మదిగా బిగిసింది కాబట్టి కిడ్నీకి నొప్పి తెలియలేదు. చప్పుడు చేయకుండా చచ్చిపోతూ ఉంది.

నేను ఊరుకోకుండా, "మా ఫర్నేస్‌లో కూడా ఇంతే మేడమ్, గొట్టంలో నీళ్ళ ధార సన్నబడితే ముందు చప్పుడుండదు, మేమే కనిపెట్టి..." అని మొదలుపెట్టాను. నాకూ తెలుసునని చెప్పుకోవాలనిపించిందేమో. నా భార్య కిటికీవైపు ముఖం తిప్పుకుంది.

"ఆ బిళ్ళలు వేసుకున్నప్పుడు నొప్పి తగ్గేదామ్మా?" అని అడిగింది డాక్టరమ్మ, వాడిన మందులన్నీ అడుగుతూ.

"పూర్తిగా పోయేదండి. కొండ చుట్టూ కూడా నడిచాను."

"ఈ జబ్బుని అణిచేది ఆ జాతి మందులేనమ్మా. అది అప్పుడే ఎవరికైనా చెప్పి ఉంటే..." అని, మాట మార్చేసింది. "సరే, ఇప్పుడు చెయ్యాల్సింది చూద్దాం."

చెయ్యాల్సింది ఆమె వివరంగా చెప్పింది. పొట్ట కోయక్కర్లేదు. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, మూత్రాశయం గోడలో పట్టిన ముద్దని తీసి కుడతారు. కిడ్నీ బతికుంటే బిగిసిపోయిన నాళం ముక్క కత్తిరించి, మంచి కొసని మూత్రాశయానికి మళ్ళీ అతికిస్తారు. మూత్రనాళాల సర్జన్ కూడా పక్కనే ఉంటాడు. కానీ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే పరీక్షలో ఎడమదాని వంతు దాదాపు ఏమీ రాలేదు. గొట్టం పెట్టి, ఒత్తిడి తీసి, కొన్ని వారాలాగి మళ్ళీ చూద్దామన్నారు. కోలుకునే అవకాశం ఉందా అని అడిగాను. "ఉందని చెప్పలేను. చూడకుండా తీసెయ్యడం మాత్రం ఇష్టం లేదు" అంది.

ఆ వారాలే నేను మొదట చెప్పినవి.

ఆ రోజుల్లో నేను చెయ్యని సేవ లేదు. ఆమెకు తల దువ్వాను. గొట్టం లాగకుండా పక్కకి తిరిగి పడుకోవడానికి దిళ్ళు సర్దాను. కుట్టుమిషను మంచం పక్కకి జరిపాను. ఆమె నెలసరి కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. బాల్కనీ గదికి వెళ్ళబోతుంటే నేను అడ్డం నిలబడ్డాను. "ఇక్కడే పడుకో" అన్నాను. మా అమ్మ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

నా భార్య ఆ గుమ్మంలోనే నిలబడి, సంచి ఒక చేత్తో పట్టుకుని, నావైపు తిరిగింది.

"ఇప్పుడా బావా?" అంది.

వెళ్ళి బాల్కనీ గదిలోనే పడుకుంది.

మా అమ్మకి బిళ్ళల సంగతి చెప్పాను. నొప్పి తగ్గించింది నడక కాదు, బిళ్ళలని. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ ఆగింది. చేట పక్కన పెట్టింది.

"ఆ బిళ్ళలు నోట్లో ఏయించింది ఎవులు మరి? అప్పన్నే గదా. ఆడు సెప్పాడు, మనకి ఇనబడలేదు." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "నాకు ఇనబడలేదు" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ విషయం మళ్ళీ మాట్లాడలేదు. మా అమ్మ బాగా తగ్గిపోయింది ఆ నెలల్లో. కోడలి దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఆమె పాదాలు నిమిరేది. నా భార్య, "ఏటత్తా, సిగ్గుగా ఉంది, లెగు" అని కాళ్ళు వెనక్కి తీసుకునేది.

రెండో పరీక్ష రోజున మేం గాజు తలుపు బయట కూర్చున్నాం. నరానికి మందు ఎక్కించి, అది రెండు కిడ్నీల్లోంచి ఎలా దిగుతుందో గీతలుగా తీస్తారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ ఆ కాగితం మాకు చూపించింది. కుడిదాని గీత కొండలా పైకి లేచి కిందికి దిగింది. ఎడమదాని గీత నేల మీద గీసినట్టుగా అడ్డంగా సాగిపోయింది. చదువు రానివాడికి కూడా తెలుస్తుంది.

"ఇంకొన్నాళ్ళు ఆగితే?" అన్నాను.

"ఆగితే ఇన్‌ఫెక్షన్ వచ్చి ప్రాణం మీదకి వస్తుంది. ఇంకోటి ఉంది. ఎమ్మారైలో కుడి నాళం దగ్గర కూడా కొంచెం అతుకులు కనిపిస్తున్నాయి. నాకిప్పుడు దాని గురించే భయం."

నా భార్య కాగితం మడిచి డాక్టరమ్మకి తిరిగి ఇచ్చేసింది. "తీసీయండి మేడమ్" అంది. నన్ను అడగలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున లోపలికి వెళ్ళి మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారు. మధ్యలో నన్ను ఒకసారి పిలిచారు. తీసినదాన్ని ఇంటివాళ్ళకి చూపించడం ఇక్కడ ఆసుపత్రుల్లో మామూలే. ఆకుపచ్చ గుడ్డ మీద ట్రేలో ఉంది. కిడ్నీ అంటే గట్టిగా, నిండుగా ఉంటుందనుకున్నాను. అది ఖాళీ సంచి. గాలి తీసిన బుడగలా ముడతలు పడి, అంచుల్లో మాత్రం కొంచెం మాంసం మిగిలింది. పక్కన గట్టి ముడిలాంటి చిన్న ముద్ద. ఈ ముద్దే పిండేసిందన్నాడు సర్జన్. కుడి నాళం చుట్టూ ఉన్న అతుకులు విడదీశామనీ, మూత్రాశయం కుట్టామనీ చెప్పాడు. నేను తలూపాను. సంతకం పెట్టమంటే పెట్టాను. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఆ ముద్ద నా బొటనవేలి కొసంత కూడా లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ పొట్ట మీద ఆ చిన్న పట్టీలు చూసి తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "ఇంతేనా? మేం ఎంతో అనుకున్నాం" అన్నారు. మా షిఫ్టు మిత్రుడు ఆపిల్ పళ్ళు తెచ్చి, "టెక్నాలజీ సెల్లెమ్మా, టెక్నాలజీ! దోమ కుట్టినట్టుందంతే" అన్నాడు.

"అంతే అన్నయ్యా," అంది నా భార్య. "తలుపు సిన్నదే. అందులోంచి తీసికెళ్ళిందే పెద్దది."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, నా భుజం మీద చెయ్యేసి వెళ్ళిపోయాడు. రాళ్ళన్న మాట అతనికీ గుర్తొచ్చి ఉంటుంది. తప్పు అతనిది కాదు. ప్లాంట్‌లో ఎవరి మాటైనా నమ్ముతాను గానీ, కొలత నా కళ్ళతో చూడందే రాసుకోను. ఇంట్లో మాత్రం అందరి మాటా నమ్మి, ఆమె మాట ఒక్కటే వదిలేశాను.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ రోజూ వేసుకోవడానికి బిళ్ళలు రాసింది. జబ్బు మళ్ళీ రాకుండా నెలసరి పూర్తిగా ఆపేసే మందు. ప్రదక్షిణకి నేను కొన్నవాటి జాతే. రోజూ పాలతో పాటు నేనే అందిస్తాను. మిగిలిన కుడి కిడ్నీకి కొన్ని నెలలకోసారి స్కానింగు చేయించాలి. అతుకులు మళ్ళీ పుట్టొచ్చు. పుట్టినా నొప్పి ఉండకపోవచ్చు. "నొప్పి లేదు కదా అని ఎప్పుడూ ధైర్యంగా ఉండకండి" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆమె నా భార్యకి కాదు, నాకు చెప్పింది.

కాకినాడ నుంచి అమ్మాయి వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. తల్లి దగ్గర అన్నీ విన్నట్టుంది. వెళ్ళేటప్పుడు స్టేషన్‌కి కారులో వద్దని, బస్సులో వెళ్ళింది. ఇప్పుడు ఫోను చేసినప్పుడు నేనెత్తితే, "అమ్మకియ్యి" అంటుంది.

ఇంక మా ఇంట్లో కారెక్కకూడని రోజులు లేవు. నెలంతా ఒక్కలాగే ఉంటుంది. బాల్కనీ గదిలో చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. తీసి పారెయ్యాలని రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టాను. పారేసే హక్కు నాది కాదనిపించింది.

మొన్న స్కానింగుకి తీసుకెళ్ళాను. కింద కారు దగ్గర ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఇదివరకు ఆమె స్థలం నా పక్కనే. గాజువాక సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ పక్క బండ్లవాళ్ళ మీద జోకులు వేసేది. ఆమె వెనక తలుపు తనే తీసుకుని కూర్చుంది. అప్పన్న పటం ముందు ఇంకా అక్కడే ఉంది. మా అమ్మ పొద్దున్నే పువ్వు పెట్టింది.

దారిలో అద్దంలోంచి చూస్తూ అడిగాను.

"నొప్పేటైనా ఉందా?"

"ఏటీ లేదు."

"నిజంగా? ఎర్రగా గానీ, మంట గానీ..."

"ఏటీ లేదు బావా. బండి నడుపు."

చాలా ఏళ్ళు నాకు కావలసింది ఆ జవాబే. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పేలా చేసింది నేనే. ఇప్పుడు ఆమెకి నిజంగానే ఏమీ లేదో, ఉన్నా చెప్పడం మానేసిందో నేను తెలుసుకోలేను. లోపల ఆ మిగిలిన ఒక్క కిడ్నీ ఎలా ఉందో ఆమెకీ తెలియదు. ఇక మీదట మా ఇద్దరికీ ఆ సంగతి ఎవరో చీకటి గదిలో తెర మీద చూసి చెప్పాల్సిందే.

ఆసుపత్రి గేటు దగ్గర ఆపాను. ఆమె దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నేను కారు పెట్టి వచ్చేదాకా ఆగకుండా లోపలికి నడిచింది. వెనక బండివాడు హారన్ కొడుతుంటే, నేను చోటు వెతుక్కుంటూ ముందుకు పోనిచ్చాను.